పోలోని 47 ఎంఎం దించి, మళ్ళీ 11 ఎంఎం పైకి లేపుకున్నా

మొన్న మా ఆఫీస్ పార్కింగ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు నా బండి పక్కన గొంతుక్కూర్చుని, టైరుకీ, దాని పైనుండే రేకు ఫెండర్‌కీ మధ్య వేళ్ళు పెట్టి చూస్తున్నారు. నన్ను చూసి లేచి "అన్నా, బండిని దించాలంటే స్ప్రింగ్స్ ఒక్కటే మారిస్తే చాలా, కాయిలోవర్సే వెయ్యాలా" అన్నారు. కాయిలోవర్స్ అంటే ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాకరు సెట్టు. లిఫ్ట్ వచ్చేలోపు చెప్పేసే జవాబు కాదది, నాకు ఎనిమిది నెలలు పట్టింది, డబ్బులు రెండుసార్లు పోయాయి, అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా.

బండి 2017 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 1.2 పెట్రోల్, ఆటోమేటిక్ గేర్ల డీఎస్‌జీ. 2023 డిసెంబర్లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, అప్పటికి 61 వేల కిలోమీటర్లు తిరిగింది. నడుపుతుంటే ఏ కంప్లైంటూ లేదు. కానీ పార్క్ చేసి వెనక్కి తిరిగి చూసుకుంటాం కదా, అక్కడొచ్చింది తంటా. పక్కనుంచి చూస్తే వాన నీళ్ళలో పంచె ఎగ్గట్టుకుని నడుస్తున్న మనిషిలా ఉండేది. మన దగ్గర అమ్మిన పోలోలు ఇక్కడి రోడ్లకి తగ్గట్టు కొంచెం ఎత్తు పెంచి అమ్మినవి, గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ, 165 ఎంఎం. టైరు పైన నాలుగు వేళ్ళు పట్టేవి. ఒకసారి ఆ గ్యాప్ కంట్లో పడిందంటే ఇంక అదే కనిపిస్తుంది, మిగతా బండి కనిపించదు.

జనవరిలో ఒక ఆదివారం టేప్ తీసుకుని కొలిచా. ఇక్కడ ఒక మాట, నేల నుంచి ఫెండర్‌కి కొలవకండి, టైర్లో గాలి తగ్గినా, టైర్ అరిగినా లెక్క మారిపోతుంది. వీల్ సెంటర్ నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలవాలి. నాది ముందు 38.5, వెనక 38.8 సెంటీమీటర్లు. ఈ రెండు నంబర్లు ఫోన్లో నోట్ చేసుకున్నా, అప్పటికి ఎందుకో తెలీదు గానీ తర్వాత నన్ను కాపాడింది ఆ నోటే.

అప్పుడు నా ఆలోచన చాలా సింపుల్. స్ప్రింగ్స్ మారిస్తే దిగుతుంది, దిగితే బాగుంటుంది, బాగుంటే అయిపోయింది. ఊపుని ఆపే షాకర్లు బాగానే ఉన్నాయి కదా, వాటిని ఎందుకు కెలకడం. ఫిబ్రవరి 16న ఒక ఇంపోర్టెడ్ లోవరింగ్ స్ప్రింగ్స్ సెట్ ఆర్డర్ పెట్టా, పేరు రాయను, 16,500. డబ్బా మీద "35 ఎంఎం" అని ఉంది. 18 రోజులకి, మార్చి 5న వచ్చాయి. నల్లగా నిగనిగలాడుతూ నాలుగు స్ప్రింగులు. మా ఆవిడ చూసి "పదహారు వేలు వీటికా, మంచం స్ప్రింగుల్లాగే ఉన్నాయిగా" అంది. ఆ రోజు ఎక్కడో గుచ్చుకుంది.

మార్చి 9 శనివారం కూకట్‌పల్లి వైపు ఒక వర్క్‌షాప్‌లో ఫిట్ చేయించా. లేబర్ 3,500, అలైన్‌మెంట్ 700. పోలోలో ముందు స్ట్రట్ (షాకరూ స్ప్రింగూ కలిసి ఉండే కాలు) కింది భాగం వీల్ హబ్ ఉండే నకిల్లోకి దిగి, ఒక బోల్టుతో బిగుసుకుని ఉంటుంది. దాన్ని బయటికి తియ్యాలంటే ఆ నకిల్ చీలికని కొంచెం తెరిచే టూల్ ఒకటుంటుంది, చీలికలో పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. వాళ్ళ దగ్గర లేదు. పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టారు. ఒక్కో దెబ్బకీ నా ప్రాణం గిలగిల్లాడింది, అయినా నోరు మెదపలేదు, మనకెందుకులే వాళ్ళకి తెలుసులే అని. నాలుగు గంటల్లో పని అయిపోయింది. బండి జాక్ దిగి నేల మీద కూర్చున్నాక చూస్తే, నిజం చెప్పాలంటే నాకు నవ్వు ఆగలేదు. అంత బాగుంది.

ఒక రెండు వారాలు ఏ రోడ్డు మీద వెళ్ళినా షాపుల అద్దాల్లో నా బండి నీడ చూసుకోవడమే పని. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ టేప్ పట్టుకున్నా, స్ప్రింగులు సెటిల్ అవుతాయి కదా అని. ముందు 33.8, వెనక 34.2. అంటే ముందు 47 ఎంఎం, వెనక 46 దిగింది. డబ్బా మీద 35 కదా? ఆ 35 యూరప్‌లో అమ్మే పోలో ఎత్తు నుంచి లెక్కేసింది. మనది ముందే ఎత్తులో ఉంది కాబట్టి ఆ తేడా కూడా కలిపి దిగిపోయింది. కొనే ముందు ఈ ప్రశ్న అడగాలని నాకు తట్టలేదు, అమ్మినవాళ్ళూ చెప్పలేదు. 165లోంచి 47 తీసేస్తే 118.

118తో మన కాలనీల్లో బతకడం ఎలా ఉంటుందో చెప్తా. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) రూల్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ అంటే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, పాతిక స్పీడ్‌లో హాయిగా ఎక్కి దిగిపోయేలా. మా కాలనీలో ఉన్నవి ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన కాంక్రీట్‌తో పోసినవి. ఒకటి కొలిచా, మీటర్ కూడా వెడల్పు లేదు, ఎత్తు 15 సెంటీమీటర్లు. అది స్పీడ్ బ్రేకర్ కాదు, సమాధి. ఐమూలగా ఎక్కించి దించడం నేర్చుకున్నా, వెనక బైకులవాళ్ళు హారన్ కొడుతుంటే చెయ్యి బయటపెట్టి సారీ చెప్పడం కూడా.

అయినా ఒక్కడినే వెళ్తున్నంత కాలం మేనేజ్ అయింది. అసలు సినిమా ఉగాదికి మొదలైంది. ఏప్రిల్ 8 సాయంత్రం నేను, మా ఆవిడ, పాప, అత్తమ్మ ఖమ్మం బయల్దేరాం. వెళ్ళేటప్పుడు పర్లేదు. వచ్చేటప్పుడు డిక్కీలో పాతిక కేజీల బియ్యం బస్తాలు రెండు, చింతపండు, అత్తమ్మ సర్దిన డబ్బాలు. సూర్యాపేట దాటాక ఫ్లైఓవర్ జాయింట్లు వచ్చిన ప్రతిసారీ వెనకనుంచి ధన్... ధన్... అని. గుంతలో పడ్డ శబ్దం కాదు, ఎవరో డిక్కీలోంచి కాలుతో సీటుని తన్నుతున్నట్టు. అత్తమ్మ పైన హ్యాండిల్ పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. చౌటుప్పల్‌లో టీకి ఆపితే "బండి కొత్తగా బాగు చేయించావుగా నాయనా?" అంది. ఎటకారం కాదు, నిజంగానే అడిగింది. అదే ఇంకా బాధ.

ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ దిగుతుంటే పైన అంచు మీద బండి నడుము కరకరమని గీసుకుంది. వాచ్‌మన్ లైట్ వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక రూల్ వచ్చింది, వెనక ఎవరైనా కూర్చుంటే గేట్ దగ్గరే దిగిపోవాలి, నేను ఒక్కడినే కిందికి దించాలి. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులావిడ. బండిలోంచి దిగి ఆ ర్యాంప్ పక్కన మెట్లు పట్టుకుని నడుచుకుంటూ వెళ్తుంటే, అద్దంలో చూస్తూ నేను ఖాళీ బండి దించుకునేవాణ్ణి.

మే నెలలో ఫ్రెండ్స్‌తో అనంతగిరి వెళ్ళాం. అక్కడన్నా మలుపుల్లో సుఖపడదామని. విచిత్రం ఏంటంటే ముందుకన్నా బాగా తిరగాలి కదా, తిరగలేదు. స్టీరింగ్ మొదట్లో షార్ప్‌గా అనిపించేది, మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలితే బండి ఒక్కసారి పక్కకి ఎగిరినట్టు అయ్యేది. వెనకొస్తున్న ఫ్రెండ్‌ది ఏమీ మార్చని మామూలు స్టాక్ స్విఫ్ట్, వాడు నా వెనకే తీరిగ్గా వచ్చాడు.

జూన్ 8న బండి కడుగుతుంటే వెనక ఎడమవైపు షాకర్ మీద తడి మట్టి అంటుకుని ఉంది. నీళ్ళు కొట్టినా పోలేదు. వేలితో రాస్తే నూనె. లీక్. అదే వైపు టైరు మీద చెయ్యి పెట్టి నిమిరితే అలలు అలలుగా తగిలింది, షాకర్ పట్టు వదిలేస్తే టైరు రోడ్డు మీద ఎగురుతూ అలా అరుగుతుందట.

ఈసారి పాత వర్క్‌షాప్‌కి పోలేదు. మూసాపేట దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, ముప్పై ఏళ్ళుగా సస్పెన్షన్ పనే చేస్తాడు, అందరూ భాయ్ అంటారు. బండిని లిఫ్ట్ ఎక్కించి, ఒక టార్చ్ వేసి, నన్ను కిందికి పిలిచి చూపించాడు. "స్ప్రింగు పొట్టిగైంది సార్, షాకరు అదే పాతది, పొడుగుది. లోపల నడవనీకి జాగ లేదు." తర్వాత ముందు లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని బండికి కలిపే కింది కడ్డీ, చూపించాడు. స్టాక్‌లో అది బయటికి కొంచెం కిందికి వాలి ఉండాలి, నాది చక్రం వైపు పైకి లేచి ఉంది. బండి బరువు కేంద్రం కిందికి వచ్చింది కదా అని మనం సంబరపడతాం గానీ, ఈ ఆర్మ్ అలా లేచిపోతే బండి ఒరిగే కేంద్రం ఇంకా ఎక్కువ కిందికి పోతుంది. రెండిటి మధ్య దూరం పెరిగి, గట్టి స్ప్రింగ్ వేసి కూడా ఒరుగుడు తగ్గదు. అనంతగిరిలో నాకు అర్థం కానిది అక్కడ ఆ టార్చ్ లైట్లో అర్థమైంది. ఇంత విషయం చెప్పి ఆయన చూడ్డానికి డబ్బులు తీసుకోలేదు, చాయ్ తెప్పించాడు.

భాయే ఒక ట్రిక్ చెప్పాడు, ఇది మాత్రం ఎవరైనా చేసుకోవచ్చు. జూన్ 15న వెనక షాకర్ల రాడ్ మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు పైకి జరిపి, రాడ్‌కి ఒక చిన్న జిప్ టై బిగించి, దాన్ని కిందికి షాకర్ బాడీకి ఆనించి పెట్టాడు. బండి నేల మీద కూర్చున్నప్పుడు ఆ బాడీ నుంచి పైన బంప్ స్టాపర్ రబ్బర్ (షాకర్ చివరిదాకా నొక్కుకుపోకుండా ఆపే ముక్క) దాకా స్కేల్ పెట్టి కొలిస్తే 14 ఎంఎం. అంతే. సెంటీమీటరున్నర కూడా లేదు. బండి ఖాళీగా ఉంటేనే అది. మామూలుగా ఆఫీసుకి వెళ్ళొచ్చా, ఒక్కడినే, మూసాపేట నుంచి గచ్చిబౌలి, తిరిగొచ్చి చూస్తే జిప్ టై పైకి నెట్టుకుపోయి బంప్ స్టాపర్ రబ్బర్‌లో సగం దాకా కూరుకుపోయి ఉంది. అంటే నేను మూడు నెలలుగా నడుపుతున్నది స్ప్రింగుల మీద కాదు, ఆ రబ్బరు ముక్కల మీద. ఖమ్మం నుంచి వచ్చేటప్పుడు వెనక తన్నింది ఎవరో అప్పుడు తెలిసింది.

ఇంక రెండో లెక్క, ర్యాంప్. బండిని ఎంత పైకి లేపితే అత్తమ్మ బండిలోనే సెల్లార్ దాకా రావచ్చు? దీనికి పాప ఆడుకునే క్లే తీసుకున్నా. జూన్ 16 ఆదివారం పొద్దున్నే, జనం లేవకముందు, ర్యాంప్ పైన అంచు మీద మూడు క్లే ముద్దలు నిలబెట్టి, వాటి మీదుగా మెల్లగా బండి పోనిచ్చా. బండి కింది భాగం ఎంత దాకా నొక్కితే అంత ఎత్తు మిగులుతుంది కదా. నేను ఒక్కడినే ఉంటే 2 సెంటీమీటర్ల ముద్ద మిగిలింది. తర్వాత మా ఆవిడనీ, పాపనీ, పక్క ఫ్లాట్ బావగారినీ బతిమాలి ఎక్కించి అదే చేశా. ముద్ద మొత్తం అప్పచ్చిలా అయిపోయి సిమెంట్‌కి అంటుకుపోయింది, కర్ర్‌మని చప్పుడు కూడా. అలా రెండు మూడు రకాల బరువులతో చేసి ఒక నంబర్‌కి వచ్చా, కనీసం 10 ఎంఎం పైకి లేవాలి. అంటే దిగుడు 37 దాటకూడదు. వాచ్‌మన్ ఈ తతంగం అంతా చూసి ఏమనుకున్నాడో గానీ, ఆ క్లే ముక్కలు మాత్రం తనే గీకి పెట్టాడు.

ఇప్పుడు ఆప్షన్స్. ఒక వారం రోజులు రేట్లు కనుక్కున్నా, ఇవి నాకు చెప్పిన రేట్లు, మీకు వేరేగా ఉండొచ్చు.

అన్నిటికన్నా చవక, అన్నీ స్టాక్‌కి తిప్పెయ్యడం. పాత స్ప్రింగులు బాల్కనీలో ఉన్నాయి, షాకర్లు నాలుగూ కొత్తవి 14 వేలు. మా ఆవిడ ఓటు దీనికే. నిజాయితీగా చూస్తే తెలివైన పని కూడా అదే, కానీ మళ్ళీ ఆ పంచె ఎగ్గట్టిన బండిని చూడలేను అనిపించింది, అది లాజిక్ కాదు, ఒప్పుకుంటా.

రెండోది, బిల్‌స్టీన్ బీ8 షాకర్లు, ఐబాక్ ప్రో-కిట్ స్ప్రింగులు. ఈ రెండూ కలిపి బీ12 ప్రో-కిట్ అని ఒకే డబ్బాలో వస్తాయి. ఇక్కడ పేర్లతో చాలామంది పొరబడతారు, నేనూ పొరబడబోయా. బీ4 అంటే స్టాక్‌కి బదులు వేసేది. బీ6 గట్టిది కానీ స్టాక్ పొడవే. బీ8 మాత్రమే లోవరింగ్ స్ప్రింగుల కోసం పొట్టిగా చేసింది. ఒకాయన నాకు బీ6 తక్కువకి ఇస్తానన్నాడు, "అదే అండీ, సేమ్" అని. సేమ్ కాదు, నా రోగమే షాకర్ పొడవు ఎక్కువవ్వడం, మళ్ళీ అదే పొడవుది వేసుకుంటే జిప్ టై మళ్ళీ అక్కడికే పోతుంది. ఈ కిట్ 92 వేలు చెప్పారు.

మూడోది కాయిలోవర్స్. బిల్‌స్టీన్ బీ14 లక్షా 18 వేలు. బీసీ రేసింగ్ బీఆర్ లక్షా 5 వేలు. కేడబ్ల్యూ వీ3 అయితే రెండు లక్షలు దాటింది, అది విని ఫోన్ పెట్టేశా. నిజానికి నా మనసంతా కాయిలోవర్స్ మీదే ఉంది, ఎత్తు మనకి కావాల్సినంత పెట్టుకోవచ్చు కదా. కానీ బీ14 మామూలుగా 30 నుంచి 50 ఎంఎం మధ్య దించడానికి చేసిన కిట్, అది కూడా యూరప్ ఎత్తు నుంచి. అంటే పూర్తిగా పైకి తిప్పి పెట్టినా నా బండి మీద 40 దాటుతుంది, నా క్లే లెక్క 37. అడ్జస్టబుల్ అన్న మాట విని ఎంతైనా లేస్తుందనుకుంటాం, కిట్‌కీ ఒక పైకప్పు ఉంటుంది, అది ముందు అడగాలి.

బీసీలో ఎత్తుకి ఆ ఇబ్బంది లేదు, కింది బ్రాకెట్‌నే తిప్పి పొడవు మారుస్తారు కాబట్టి స్ప్రింగ్ నొక్కుడు మారకుండా ఎత్తు మారుతుంది, షాకర్ గట్టితనం మార్చుకునే డ్యాంపింగ్‌కి 30 క్లిక్‌లు కూడా. ఈ 30 క్లిక్‌లే నన్ను భయపెట్టాయి. ఫ్రెండ్ వెంటో కారులో ఏవో కాయిలోవర్స్ ఉన్నాయి, జూన్ 20న ఒక రౌండ్ కొట్టా. వాడు రెండేళ్ళలో క్లిక్‌లు ఎన్నిసార్లు మార్చావురా అంటే "మొదటి వారం మార్చా" అన్నాడు. ఎత్తు? "ఒక్కసారి. తర్వాత మట్టి పట్టి రింగ్ బిగుసుకుపోయింది." బండి మాత్రం రాయిలా ఉంది, వాడికి అలవాటైపోయింది, నాకు మియాపూర్ దాకా వచ్చేసరికి నడుం పట్టేసింది. నేనెలాంటివాడినో నాకు తెలుసు, నేనూ మొదటి వారమే మారుస్తా. ఒక్కసారి సెట్ చేసి మర్చిపోయే మనిషికి ఆ మరలన్నీ ఎందుకు అనిపించింది. ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు, రెండు సెట్ల వీల్స్ మార్చేవాళ్ళు, వాళ్ళ లెక్క వేరు.

ఇంకోటి, పోలో వెనక స్ప్రింగ్ ఒక చోట, షాకర్ ఒక చోట ఉంటాయి. కాబట్టి కాయిలోవర్ కిట్ కొన్నా వెనక వచ్చేది విడిగా ఒక స్ప్రింగు, దాని కింద ఎత్తు మార్చే ప్లేటు, పక్కన ఒక షాకరు. నాలుగు మూలలా ఆ ఫోటోల్లో కనిపించే రంగురంగుల కాయిలోవర్ వస్తుందనుకున్నవాళ్ళకి కొంచెం నిరాశే.

ప్రో-కిట్ కూడా 30 దాకా దించుతుంది, మన బండి ఎత్తు తేడా 12 కలిపితే 42 అవుతుంది కదా, అదెలా మరి? భాయ్‌ని అడిగితే, బీ8లో గ్యాస్ ప్రెషర్ ఎక్కువ, అదే బండిని ఒక 5, 6 ఎంఎం పైకి నెడుతుంది, 36, 37లో ఆగుతుంది అన్నాడు. అంచు మీద లెక్క. అయినా లోపల జాగ ఉంటుంది కాబట్టి బరువు పడ్డప్పుడు తన్నదు అన్నాడు. ఆయన మాట మీద జూన్ 24న ఆర్డర్ పెట్టా. బేరమాడితే 89 వేలకి వచ్చింది, సగం అడ్వాన్స్.

మూడు వారాలన్నారు. 39 రోజులు పట్టింది. ముందు షాకర్లూ స్ప్రింగులూ జులై 19న వచ్చేశాయి, వెనక షాకర్ల డబ్బా ఇంకా కస్టమ్స్‌లోనే ఉందన్నారు. ఆ రెండు వారాలు రోజూ పొద్దున ఒక మెసేజ్, రోజూ అదే జవాబు, "టుమారో కన్ఫర్మ్ సార్". ఆగస్టు 2న చేతికొచ్చింది. ఈలోపు వానలు, లీకైన షాకర్, నీళ్ళ కింద కనపడని గుంతలు. ఎక్కువ రోజులు మెట్రోలోనే వెళ్ళా.

ఆగస్టు 10 శనివారం, పొద్దున తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి సాయంత్రం ఆరున్నర. భాయ్ దగ్గర ఆ నకిల్ తెరిచే టూల్ ఉంది, రెండు సెకన్లు, తిప్పాడు, స్ట్రట్ జారిపోయింది. మార్చిలో తిన్న సుత్తి దెబ్బల మచ్చలు నకిల్ మీద ఇంకా ఉన్నాయి, ఆయన వేలితో తడిమి చూసి ఏమీ అనలేదు, నా వైపు మాత్రం చూశాడు.

బడ్జెట్లో నేను లెక్కెయ్యనివి ఇక్కడొచ్చాయి. టాప్ మౌంటింగ్‌లు రెండు, వాటి బేరింగ్‌లు రెండు, బంప్ స్టాపర్లు, డస్ట్ కవర్లు, ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడని బోల్టులు, అన్నీ కలిపి 9,400. బోల్టుల దగ్గర నేను పిసినారితనం చేయబోయా, "పాతవే బాగున్నాయిగా భాయ్" అని. "స్ట్రెచ్ అయి బిగుసుకునే బోల్టు సార్ ఇది, రెండోసారి నమ్మకం లేదు" అన్నాడు. లేబర్ 6,500, అలైన్‌మెంట్ 900.

ఒక చిన్న విషయం, మార్చి నుంచి వెనక కిర్రుకిర్రుమని ఒక చప్పుడు ఉండేది, స్ప్రింగులదే అనుకున్నా. కాదు. వెనక షాకర్ కింది బోల్ట్‌ని అప్పట్లో చక్రం గాల్లో వేలాడుతుండగానే ఫుల్ టైట్ చేసేశారు. అలా చేస్తే బండి కింద కూర్చున్నాక బోల్ట్ చుట్టూ ఉన్న రబ్బర్ బుష్ మెలితిరిగి ఉండిపోతుంది. భాయ్ బోల్టులన్నీ చేత్తో వదులుగా పెట్టి, బండిని నాలుగు చక్రాల మీదకి దించి, నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, అప్పుడు కింద దూరి ఫైనల్ టైట్ చేశాడు. మీరు ఎక్కడ చేయించుకున్నా ఇదొక్కటి పక్కన నిలబడి చూసుకోండి. అలాగే హెడ్‌లైట్ల లెవెల్ కూడా, మార్చిలో ఎవరూ ముట్టుకోలేదు, ఐదు నెలలు ఎటో చూస్తున్న లైట్లతోనే తిరిగా.

కొత్త కొలతలు, 500 కిలోమీటర్లు తిరిగాక, ముందు 34.9, వెనక 35.5. ముందు 36 దిగింది, వెనక 33. రెండు వేళ్ళు పడుతున్నాయి. ఫోటోల్లో చూస్తే మార్చిలో ఉన్న లుక్ ఎక్కువ బాగుంది, అబద్ధం చెప్పను. ఆ 11 ఎంఎం కంటికి తెలుస్తుంది.

నడపడం ఎలా ఉందంటే, సిటీలో 30, 40 స్పీడ్‌లో స్టాక్ కన్నా గట్టిగానే ఉంది. సీసీ రోడ్ గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. మా ఆవిడ ఫ్లాస్క్‌లోంచి టీ పోసుకోవడం మానేసింది. కానీ గుంతలో పడితే ఒక్కటే "టప్", అయిపోతుంది, తర్వాత ఊగుడు లేదు, తన్నుడు లేదు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద 100లో పోతుంటే స్టాక్ కన్నా హాయి, లారీ పక్కనుంచి దాటేటప్పుడు బండి కదలదు. సెప్టెంబర్లో మళ్ళీ అనంతగిరి వెళ్ళా, ఆ మలుపులో గతుకు తగిలినా ఎగరలేదు. స్విఫ్ట్ ఫ్రెండ్‌ని పిలిస్తే రాలేదు.

ఖర్చు మొత్తం రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. మొదటిసారి 20,700. రెండోసారి 1,05,800. మొత్తం లక్షా 26 వేల 500, టైర్ అలలైనందుకు త్వరలో పెట్టాల్సింది కాకుండా. నేను వదిలేసిన బీ14 కిట్ రేటు లక్షా 18 వేలు. ఈ లెక్క మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతి. 2019 జనవరిలో సుప్రీం కోర్టు, కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద చెప్పింది. ఆర్‌సీలో సస్పెన్షన్ గురించి ఏమీ రాసి ఉండదు, కానీ రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు గొడవ ఎందుకని బిల్లులు, ఫోటోలు పెట్టి నా ఇన్సూరెన్స్ వాళ్ళకి మెయిల్ చేశా. 11 రోజులకి జవాబు, "తెలియజేసినందుకు ధన్యవాదాలు, క్లెయిమ్ సమయంలో సర్వేయర్ పరిశీలిస్తారు". అవునూ కాదు, కాదూ కాదు. ఆ మెయిల్ ప్రింట్ తీసి గ్లవ్‌బాక్స్‌లో పెట్టుకున్నా. స్టాక్ స్ప్రింగులు కూడా పారెయ్యలేదు, అమ్మేటప్పుడు కావాలి, ప్రస్తుతానికి బాల్కనీలో వాటి మీద తులసి కుండీ, ఇంకేదో మొక్క ఉన్నాయి.

సెప్టెంబర్ మొదట్లో ఖమ్మం వెళ్దామనుకుంటే మున్నేరు వరద, వెళ్ళలేదు. దసరాకి వెళ్ళాం. అక్టోబర్ 11న బయల్దేరేముందు వెనక షాకర్‌కి మళ్ళీ జిప్ టై కట్టి కిందికి జరిపి పెట్టా. అదే నలుగురం, వచ్చేటప్పుడు అవే రెండు బస్తాలు, ఈసారి అదనంగా ఒక గుమ్మడికాయ. సూర్యాపేట దగ్గర అవే జాయింట్లు. అత్తమ్మ నిద్రపోయింది. ఇంటికొచ్చాక టార్చ్ వేసి చూస్తే జిప్ టై బంప్ స్టాపర్‌కి 9 ఎంఎం కింద ఆగి ఉంది.

ర్యాంప్ కూడా దిగింది, గీసుకోకుండా, అందరం లోపలే ఉండగా. కాకపోతే అత్తమ్మకి అలవాటు పోలేదు, గేట్ దగ్గరికి రాగానే నిద్రలోంచి లేచి, సీట్ బెల్ట్ తీసేసి, డోర్ హ్యాండిల్ మీద చెయ్యేసి కూర్చుంటుంది.